గీతకు రెండో కన్ను

మా పెదనాన్న గుడ్డ మీద గీత గీసేటప్పుడు ఊపిరి బిగబట్టేవారు. సుద్ద బల్ల ఈ చివర బయలుదేరి ఆ చివరకు చేరేదాకా అంతే. తర్వాత వదిలే ఊపిరిని బట్టి, పక్కన పొట్టి పీట మీద కూర్చున్న నాకు ఆ గీత ఎంత పొడుగో తెలిసిపోయేది. చొక్కా చేతికైతే చిన్న నిట్టూర్పు. పొడుగాటి కోటుకైతే పొయ్యి ఊదినంత ఊపిరి.

ఆయన కటింగ్ మాస్టరు. ఆ షాపుకు యజమానులు మారారు, బోర్డు మారింది, మెషిన్లు మారాయి. కటింగ్ బల్లా, దాని వెనక పెదనాన్నా మాత్రం మారలేదు. ఆయన స్కేలు వాడేవారు కాదు. "చేతి మీద నమ్మకం లేనివాడికి స్కేలు" అనేవారు. షాపులో ఒక చెక్క స్కేలు ఉండేది గానీ దానితో ఆయన వీపు గోక్కునేవారు.

అమ్మ మంచం పట్టాక నా బడి ఆగిపోయింది. తొమ్మిదో తరగతి పుస్తకాలు సగంలో ఉండగానే పెదనాన్న నన్ను తీసుకొచ్చి కాజాలు కుట్టే పనిలో కూర్చోబెట్టారు. నేను మాట్లాడేది తక్కువ. వచ్చినా వెళ్ళినా చప్పుడుండదని షాపులో నాకు పిల్లి అని పేరు పెట్టారు. నా పీట బల్ల చివరికి ఆనుకుని ఉండేది. అక్కడి నుంచి బల్ల మీద ఏముందో కనిపించదు. కింద కాళ్ళు కనిపిస్తాయి, పైన మొహాలు కనిపిస్తాయి. అంతే నాకు అందేది. అందుకే వాటినే చూస్తూ కూర్చునేదాన్ని.

ఆ షాపులో ఒక కట్టుబాటు ఉండేది. పెదనాన్న పెట్టిందే. గీసిన మనిషి తన గీతను తాను సరిచూసుకోకూడదు. "కన్నతల్లికి బిడ్డ వంకర కనపడుతుందా?" అనేవారు. గీత పూర్తి కాగానే "రెండో కన్ను!" అని కేక వేసేవారు. అప్పుడు ఇంకొకరు బల్ల చివరకు వచ్చి, మోకాళ్ళు వంచి, గడ్డం బల్ల అంచుకు ఆనించి, ఒక కన్ను మూసుకుని గీత పొడుగునా చూడాలి. తుపాకీ గురి చూసినట్టు ఉంటుంది. గీత బాగుంటే లేవక ముందే "సరే" అనాలి. ఆ మాట చెవిన పడ్డాకే కత్తెర గుడ్డలో దిగాలి. సరే అన్న మాట తర్వాత పెదనాన్న మళ్ళీ ఆ గీతను పరీక్షించడం నేనెప్పుడూ చూడలేదు.

ఆ రెండో కన్ను ఎప్పుడూ రైలుదే. మెషిన్ మీద కూర్చుంటే అతను ఆగడు. ఆ చప్పుడుకే రైలు అని పేరొచ్చింది. సూదిలో దారం ఎక్కించడం దగ్గర్నుంచి పెదనాన్న దగ్గరే నేర్చుకున్నాడు. మా ఇంట్లో తిని పెరిగినవాడు, మా కంచాల వరుసలో అతనిదీ ఒకటి. మా పెద్దమ్మను అమ్మా అని పిలుస్తాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి.

ఒకసారి, పని తక్కువగా ఉన్న పూట, అతను మెషిన్ ఆపి అడిగాడు.

"మాస్టారూ, నన్నూ ఓ పూట బల్ల దగ్గర నిలబడనివ్వకూడదా?"

పెదనాన్న పగలబడి నవ్వారు. "ఒరేయ్, రైలుకు పట్టాలుండాలి గానీ బల్లెందుకురా? బోల్తా పడతావు."

షాపంతా నవ్వింది. రైలూ నవ్వాడు. మెషిన్ మళ్ళీ మొదలైంది గానీ, కాసేపు చప్పుడు మామూలు కంటే గట్టిగా వచ్చింది.

పెదనాన్నకు అప్పటికి రెండు జతల కళ్ళద్దాలుండేవి. ఒకటి ముక్కు మీద, ఒకటి మెడలో, గుడ్డ పట్టీకి వేలాడుతూ. గుమ్మంలో ఎవరొచ్చారో చూడాలంటే ఒకటి, సూది చూడాలంటే ఇంకొకటి. మధ్యలో బల్ల ఉందే, అది రెండింటికీ సరిగ్గా అందేది కాదు. రోజంతా మెడలోది ముక్కుకు, ముక్కుది మెడకు. ఒక్కోసారి రెండూ నుదుటి మీదకు తోసేసి "నా కళ్ళజోడు తీసిందెవర్రా?" అని షాపంతా వెతికించేవారు.

వీధి మలుపులో కళ్ళజోళ్ళాయన ఉన్నాడు. పెదనాన్న కత్తిరించిన కోటు తప్ప ఇంకోటి తొడుక్కోనని చెప్పుకునే మనిషి. ఆయనే పోరుపెట్టి ఒప్పించాడు. "మాస్టారూ, ఒకే అద్దంలో మూడు చూపులు. పైన గుమ్మం, నడుమ బల్ల, కింద సూది. మధ్యలో గీత కూడా ఉండదు. మీకు వయసొచ్చిందని ఒక్కడికీ తెలీదు." పెదనాన్నకు ఆ చివరి మాటే నచ్చి ఉంటుంది.

అద్దాలు తయారైన రోజు రైలే ఆయన్ను బండి మీద ఎక్కించుకుని వెళ్ళి తీసుకొచ్చాడు. షాపు గుమ్మం దగ్గర బండి దిగిన పెదనాన్న మెట్టు ఎక్కబోయి, కాలు మరీ పైకెత్తి, లేని మెట్టు మీద వేశారు. రైలు పట్టుకోకపోతే బోర్లా పడేవారే.

"మాస్టారు చెరువులో దిగుతున్నట్టున్నారే!" అంది గుండీలు కుట్టే ఆవిడ.

"నవ్వండి నవ్వండి. మెట్టు నన్ను చూసి వెనక్కి జరిగింది" అన్నారాయన. లోపలికి వచ్చి బల్ల మీద చేతులాన్చి, తల అటూ ఇటూ తిప్పి చూశారు. "ఏంట్రా, ఈ బల్ల అంచు వంగినట్టుందేం?"

"బల్లకూ వయసొచ్చింది మాస్టారూ. చెక్క సాగి ఉంటుంది" అన్నాడు రైలు.

అందరం నవ్వాం. మంచి జోకే అనుకున్నాం.

ఇంట్లో ఆ సాయంత్రం పెద్దమ్మకు కాలక్షేపమే అయింది. పేపరు చదవాలంటే పెదనాన్న గడ్డం పైకెత్తాలి, గోడ గడియారం చూడాలంటే దించాలి. ఎత్తి దించి, ఎత్తి దించి, ఆయన కోడిలా తయారయ్యారు.

"గింజలు చల్లనా?" అంది పెద్దమ్మ.

"చల్లు. నీకు బుర్ర లేదు, నాకు మెడ లేదు, సరిపోయింది."

"పోనీ ఆ పాతవే పెట్టుకోరాదూ?"

"కొత్తవి పెట్టుకున్న పూటే తీసేస్తే అలవాటెలా అవుతుంది? నలుగురూ వాడుకోవట్లేదా?"

పాత జతలు రెండూ తీసి పెట్టెలో పడేశారు. ఎవరైనా అడిగితే చూపు చక్కగా ఉందనే చెప్పేవారు. మంచం కోడుకు మోకాలు తగిలించుకుని, ఆ మంచాన్ని తిట్టేవారు.

ఆ మర్నాడే కోట్ల పని పడింది. నర్సు చదువు చదివే పిల్లలకు పొడుగాటి తెల్ల కోట్లు. షాపు అమ్మగారు, అంటే మా యజమానురాలు, ఆ పని కోసం చాలాకాలంగా తిరుగుతోంది. గుడ్డ పొరలు పొరలుగా పరిచారు. పై పొర మీద గీత గీసి కోస్తే అడుగు పొర దాకా ఒకే కోత. కోటు ముందు భాగం, గుండీల పట్టీ వచ్చే చోటు, మెడ నుంచి మోకాలి దాకా దారం లాగినట్టు తిన్నగా ఉండాలి.

పెదనాన్న ఊపిరి బిగబట్టారు. బల్ల పైన ఆయన మొహం నాకు కనిపిస్తూనే ఉంది. ఎప్పుడూ సుద్ద వెంట మనిషంతా కదిలేవారు. ఆ రోజు మనిషి నిలబడే ఉన్నారు, కళ్ళు మాత్రం పక్కలకు పోతున్నాయి. మధ్యలో ఒకసారి చెయ్యి ఆపి, ముఖం చిట్లించి, మళ్ళీ గీశారు. పెద్ద ఊపిరి వదిలారు.

"రెండో కన్ను!"

రైలు మెషిన్ ఆపి వచ్చాడు. మోకాళ్ళు వంచాడు. అతని మొహం నా మొహానికి ఎదురుగా వచ్చింది, బల్ల అవతలి అంచు మీద గడ్డం. ఎడమ కన్ను మూసుకున్నాడు. చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆ మూసిన కన్ను తెరిచాడు. అప్పుడు అతని రెండు కళ్ళూ నా మీద పడ్డాయి, నేను అక్కడ ఉన్నానని అప్పుడే గుర్తొచ్చినట్టు. లేచి నిలబడ్డాడు. ప్యాంటు దులుపుకున్నాడు. అప్పుడన్నాడు.

"సరే మాస్టారూ."

లేవక ముందు అనే మాట లేచాక అన్నాడే అనుకున్నాను. మోకాళ్ళు నొప్పేమో అనుకున్నాను. కత్తెర దిగింది. పొరలన్నీ కరకరమని తెగుతున్న చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

మొదటి కోటు కుట్టి బొమ్మకు తొడిగినప్పుడు షాపు అమ్మగారు అక్కడే ఉంది. పట్టీ మెడ దగ్గర బయలుదేరి, నడుము దగ్గరకు వచ్చేసరికి పక్కకు వంగి, కింద మళ్ళీ ఇటు తిరిగింది. కోటు పొట్ట తిప్పుకుంటున్నట్టు ఉంది. ఆవిడ రెండోది తొడిగించింది. అదీ అంతే. పొరలన్నీ ఒకే కోత కదా, అన్నీ అంతే.

"ఏంటి మాస్టారూ ఇది?"

పెదనాన్న పట్టీ మీద వేలితో పై నుంచి కింద దాకా రాశారు. కంటికి తెలియంది వేలికి తెలిసింది.

"నా గీత కాదమ్మగారూ ఇది" అన్నారు.

"మరెవరిది?"

పెదనాన్న రైలు వైపు చూశారు. రైలు మెషిన్‌లో నూనె పోస్తున్నాడు.

"కొన్నాళ్ళు ఇంటిపట్టున ఉండి కళ్ళు సరిచేసుకోండి. అందాకా రైలు చూసుకుంటాడు" అంది ఆవిడ. గట్టిగా కూడా అనలేదు. గుడ్డ తెప్పించి, రైలు చేత మళ్ళీ కోయించింది. పెదనాన్నకు తోడుగా నేనూ ఇంట్లోనే ఉండిపోయాను. రైలు స్కేలు పెట్టి కోశాడట. ఒక్క కోటూ వంకర పోలేదట. ఆ సంగతి గుండీలు కుట్టే ఆవిడ వచ్చి మరీ చెప్పి వెళ్ళింది.

ఇంట్లో పెదనాన్న కుర్చీలో కూర్చుని తలుపు చట్రం వైపు చూసేవారు. కళ్ళు పక్కకు తిప్పితే చట్రం వంగేది, తల తిప్పితే నిటారయ్యేది. చిన్నపిల్లాడిలా అలా తిప్పుతూనే ఉండేవారు. "నా కళ్ళే నన్ను ముంచాయి" అన్నారు ఒక రోజు. "పరాయివాళ్ళు ముంచితే తిట్టుకోవచ్చు. వీటినేం చెయ్యను?"

"ఆ అద్దాలు అంటగట్టినవాణ్ణి అడగండి" అంది పెద్దమ్మ. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టు, ఆ పెద్దమనిషిని నమ్మారుగా. వెళ్ళి వాడి బల్ల మీద పారేసి రండి."

కయ్యానికే బయలుదేరారు. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకోవడానికి నన్ను తోడు తీసుకెళ్ళారు.

కళ్ళజోళ్ళాయన తిట్లన్నీ విన్నాడు. మధ్యలో అడ్డు రాలేదు. చివరకు ఆశ్చర్యంగా అడిగాడు.

"మాస్టారూ, అప్పుడే కత్తెర పట్టారా మీరు?"

"పట్టకపోతే గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాలా?"

"చెప్పానే! ఈ అద్దాలకు పక్కల్లో చూపుండదు. పక్కకు కళ్ళు తిప్పితే తిన్నగా ఉన్నది వంకరగా, వంకరగా ఉన్నది తిన్నగా కనిపిస్తుంది. ముక్కు ఎటుంటే చూపు అటు. అలవాటయ్యేదాకా పాత జతతోనే కోయాలి, కొత్తవి ఇంట్లో మాత్రమే పెట్టుకోవాలి అని విడమర్చి చెప్పానే."

"ఎవరికి చెప్పావయ్యా?"

"మీతో వచ్చిన మీవాడికి. మీరు అద్దం ముందు నిలబడి మీసం దువ్వుకుంటున్నారు, నా మాట ఎక్కడ విన్నారు? అందుకే అతన్ని పక్కకు పిలిచి రెండుసార్లు చెప్పాను. మాస్టారి చేత కోయించకు బాబూ, గీత వంకరొస్తుంది అని. నేను చూసుకుంటానండీ అన్నాడు. చెప్పలేదా?"

పెదనాన్న చేతిలోని కళ్ళజోడు పెట్టుకున్నారు. కళ్ళజోళ్ళాయన దాన్ని ముక్కు మీద కాస్త పైకి జరిపి, చెవుల దగ్గర సరిచేశాడు. పెదనాన్న బొమ్మలా చేయించుకున్నారు.

బయటకు వచ్చాక గోడ పక్కన ఆగారు.

"పిల్లీ, ఆ రోజు నువ్వు పీట మీదే ఉన్నావు కదూ?"

"ఉన్నాను పెదనాన్నా."

"వాడు వంగి చూశాడా?"

"చూశాడు."

"ఊరికే వంగాడా, కన్ను మూసుకుని చూశాడా?"

"మూసుకునే చూశాడు పెదనాన్నా. చాలాసేపు చూశాడు."

ఆయన కళ్ళు దించారు. దించితే నేల మసకగా ఉంటుందని ఆయనకు తెలుసు, అయినా అలాగే ఉన్నారు.

"చూడకుండా సరే అని ఉంటే బావుండేదమ్మా" అన్నారు.

ఇంటికి వెళ్దాం అంటారనుకున్నాను. షాపు వైపు తిరిగారు. మెట్టు దగ్గర నా చెయ్యి వదిలించుకుని, ముక్కు నేలకు చూపించి, మెట్టును చూసి, ఎక్కారు.

లోపల రైలు బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. గుడ్డ పరిచి ఉంది. మా వైపు వీపు. షాపు అమ్మగారు గల్లా దగ్గర ఉంది. రైలు గీత ముగించి, అలవాటు కొద్దీ తల ఎత్తకుండానే కేక వేశాడు.

"రెండో కన్ను!"

గుండీల ఆవిడ ఆ పూట రాలేదు. మెషిన్ ఖాళీగా ఉంది.

"మాస్టారొచ్చారుగా, ఆయన్నే చూడమను" అంది అమ్మగారు.

రైలు తిరిగి చూశాడు. అతని చేతిలోంచి సుద్ద జారి నేల మీద రెండు ముక్కలైంది. పెదనాన్న బల్ల చివరకు వెళ్ళారు. మోకాళ్ళు వంచారు. గడ్డం ఆనించారు. ఒక కన్ను మూసుకుని, ముక్కును సరిగ్గా గీత మీద నిలబెట్టి చూశారు.

"సరే" అన్నారు. లేవక ముందే అన్నారు.

రైలు కత్తెర తీసుకున్నాడు. గుడ్డ అంచుకు పెట్టాడు. నొక్కలేదు. పెదనాన్న మొహం వైపు చూశాడు. మళ్ళీ గీత వైపు చూశాడు. కత్తెర కింద పెట్టి, బల్ల చుట్టూ తిరిగి ఈ చివరకు వచ్చి తానే వంగి చూశాడు. అదీ చాలలేదు. గోడకు ఉన్న స్కేలు తెచ్చి గీత పక్కన పెట్టాడు. గీత తిన్నగానే ఉంది. నాకు బాగా కనిపించింది, ఆ రోజు నేను పీట మీద లేను.

"ఏంటయ్యా, ఆయన సరే అన్నారుగా?" అంది అమ్మగారు.

"వాడికీ కళ్ళద్దాలు కావాలేమో అమ్మగారూ" అన్నారు పెదనాన్న. రైలు వైపు చెయ్యి చాచారు. "ఆ కత్తెర నాది."

రైలు పిడి వైపు ఆయనకిచ్చి, మొన తన వైపు పెట్టుకుని అందించాడు. అలా అందించడం కూడా ఆయన నేర్పిందే.

మేం వీధిలోకి దిగాక వెనకాలే వచ్చాడు. గుమ్మంలోనే ఆగాడు.

"మాస్టారూ. మీకింకా ఓపికుంది. ఇంకా ఎన్నేళ్ళయినా బల్ల వదలరు. మరి నేనెప్పుడు నిలబడాలి?"

"అడిగితే ఇచ్చేవాణ్ణిరా."

"అడిగాను. నవ్వారు."

పెదనాన్న చేతిలోని కత్తెర అటూ ఇటూ తిప్పారు. ఆ నవ్వు ఆయనకు గుర్తుందో లేదో నాకు తెలీదు. నాకు గుర్తుంది.

"నవ్వితే మళ్ళీ అడగాల్సింది" అన్నారు చివరకు. "తిట్టాల్సింది. గుడ్డ చింపి నా మొహాన కొట్టాల్సింది. సరే అని ఎందుకన్నావురా?"

రైలు లోపలికి వెళ్ళిపోయాడు. కాసేపటికి మెషిన్ చప్పుడు వినిపించింది.

అమ్మగారికి పెదనాన్న ఈ సంగతి చెప్పనే లేదు. పెద్దమ్మ చెప్పమని గోల పెట్టింది. "చెబితే వాడి పని పోతుంది. నా గీత తిన్నగా అవుతుందా?" అన్నారు. అయితే ఆ తర్వాత పెద్దమ్మ రైలు కంచాన్ని మిగతా కంచాల వరుసలోంచి తీసి అటక మీద పెడితే, వద్దని కూడా అనలేదు.

ఇప్పుడు మా ముందు గదిలో రెండు బల్లలు కలిపి వేసుకున్నాం. ఇరుగుపొరుగు వాళ్ళ గుడ్డలు వస్తాయి. నేనూ షాపు మానేశాను. కళ్ళద్దాలు ఆయనకు అలవాటైపోయాయి. గుమ్మం, బల్ల, సూది, మూడూ చక్కగా కనిపిస్తాయి. మెట్లు చకచకా దిగుతారు. నిద్రలేవగానే వాటి కోసమే దిండు పక్కన తడుముకుంటారు. గీత గీసేటప్పుడు మునుపటిలాగే సుద్ద వెంట మనిషంతా కదులుతారు. ఊపిరి బిగబడతారు, వదులుతారు.

"రెండో కన్ను!" అని కేక వేస్తారు. గదిలో ఉండేది నేనొక్కదాన్నే అయినా కేకే వేస్తారు.

నేను మోకాళ్ళు వంచి, గడ్డం ఆనించి, కన్ను మూసుకుని చూస్తాను. వంకరుంటే ఎక్కడుందో చెబుతాను. లేకపోతే లేవక ముందే అంటాను, గట్టిగా, వీధిలోకి వినపడేంత గట్టిగా.

"సరే పెదనాన్నా."

"మంచిదమ్మా" అంటారు. అని, వీపు గోక్కోవడానికని కొనుక్కున్న చెక్క స్కేలు తీసి గీత పక్కన పెడతారు.